చిందీ చుట్టి ‘చాల్సే’ అన్న రోజు

పోయిన నెల మా నేత సంఘం వాళ్లు నాకు శాలువా కప్పారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి నా గురించి ఏం చెప్పాలో తెలియక కాసేపు తడుముకుని, "మల్లయ్యగారు మొదట సాంచెల జాబరు... ఆ తర్వాత... బండ్లకు ఫోను హోల్డర్లు బిగించారు" అన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ మెడలో దండ వేసుకుని కూర్చున్నవాడు లేచి తిట్టలేడు కదా, ఊరుకున్నాను.

మీటింగు అయ్యాక పాండేసర పేటలో ఇలా హోల్డర్లు బిగించే దుకాణమే పెట్టబోతున్న ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన మనవాళ్లే. అందులో ఒకడు, "కాకా, బురా మత్ మాన్‌నా, ఏమనుకోకు, దీంట్ల నేర్చుకునేది ఏముంది? నాలుగు స్క్రూలు టైట్ చేసుడే గదా!" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబుగా ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. నాలుగు స్క్రూలే, నిజమే. వాటిలో ఒక్కటి వదులైతే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

అరచేయి

మా సిరిసిల్ల వైపు మరమగ్గాన్ని సాంచె అంటాం. సాంచె చెడిపోతే బాగుచేసేవాడు జాబరు. నేను సూరత్ వచ్చింది మీసాలు సరిగ్గా రాని వయసులో, మా మేనమామ వరసయ్యే నర్సయ్య వెంట. ఆయన అప్పటికే భేస్తాన్ దగ్గర ఒక కార్ఖానాలో పెద్ద జాబరు. నాకు పని నేర్పిన మొదటి గురువు ఆయనే. తిట్టినా కొట్టినా ఆయన చలవతోనే ఇన్నాళ్లు అన్నం తిన్నాను.

ఒక షెడ్డులో నూరు సాంచెలు ఒకేసారి ఆడుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు. ఏ సాంచె చప్పుడు తేడాగా ఉందో చెవితో కనిపెడదామని నేను తల వంచి వింటుంటే నర్సయ్య మామ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. బయటికి తీసుకుపోయి చెప్పాడు.

"ఓరి మల్లిగా! గా మోతల చెవికి ఏం ఎరుకైతదిరా? చెయ్యి పెట్టి అడుగు. వదులున్న నట్టు చేతికి చెప్తది."

అరచేయి ఆనించి అడగడం అట్లా నేర్చుకున్నాను. ఆడుతున్న సాంచె ఇనుము మీద చెయ్యి పెడితే గట్టిగా ఉన్న చోట ఒకలాంటి అదురు, వదులున్న చోట సన్నని గిలక్కాయ లాంటి అదురు తెలుస్తుంది. రెండో సంగతి కూడా ఆయనే చూపించాడు. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తి వచ్చి కొట్టుకునే చోట తోలు ఉంటుంది. ఇనుముకు ఇనుమే తగిలితే రెండూ పగులుతాయి. ఈ రెండు ముక్కలతోనే నేను తర్వాత బండ్ల పని కూడా నెట్టుకొచ్చాను.

మూడోది ఆయన నేర్పలేదు, అందరినీ చూసి నేనే పట్టుకున్నాను. అది చిందీ. సూరత్‌లో గుడ్డ పీలికను చిందీ అంటారు. ఇక్కడ మట్టికన్నా చిందీ ఎక్కువ. సాంచె మీద ఏది వదులైనా మా మందు ఒకటే, నేల మీద నుంచి ఒక పీలిక తీసి చుట్టి బిగించడం. ఇరవై ఏళ్లు అదే చేశాను. ఒక్కసారి కూడా నన్ను ముంచలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

హస్ముఖ్‌భాయ్ దుకాణం

పాత సాంచెలు పోయి కొత్త మిషన్లు వచ్చాయి. వాటికి నాడె లేదు, నా బోటి జాబరు అవసరమూ లేదు. నా ఎడమ చెవి అప్పటికే పోయింది. నలభై దాటాక పని వెతుక్కోవడం అంటే ఏంటో పడ్డవాడికే తెలుస్తుంది. పాండేసర పోయే రోడ్డు మీద హస్ముఖ్‌భాయ్ అనే ఆయన దుకాణం ఉండేది. సీటు కవర్లు, అద్దాలు, హారన్లు బిగించేవాడు. అప్పుడప్పుడే పార్సిల్ మోసే బండ్లవాళ్లు ఫోను హోల్డర్లు అడగడం మొదలుపెట్టారు. నేను పని అడగడానికి వెళ్లినప్పుడు ఆయన స్కూటరు స్టార్టు చేసి ఉంది. అలవాటు కొద్దీ దాని మీద చెయ్యి పెట్టాను. "సేఠ్, మీ స్టాండు బోల్టు వదులుగా ఉంది" అన్నాను. ఆయన వంగి చూశాడు, బిగించాడు, "రేపు తొమ్మిదికి రా" అన్నాడు. అంతే నా ఇంటర్వ్యూ.

మొదటి వారంలోనే పరువు పోగొట్టుకున్నాను. ఒక గిరాకీ బండికి హోల్డరు బిగిస్తున్నాను. సగం బిగించేసరికి ఆయన గడియారం చూసుకుని "చాల్సే, చాల్సే" అన్నాడు. నేను మన ‘చాలు’ అనుకున్నాను. చాలంటున్నాడు గదా అని పానా పక్కన పెట్టేశాను. ఆయన బండి కదిలింది. లోపలి నుంచి హస్ముఖ్‌భాయ్ చూసి ‘ఓ భాయ్! ఓ భాయ్!’ అంటూ లావుపాటి శరీరాన్ని వేసుకుని రోడ్డు మీద పరిగెత్తాడు. తిరిగి వచ్చాక ఆయాసం తీరేదాకా ఆగి నన్ను తగులుకున్నాడు.

"ఎందుకు ఆపేశావ్?"

"ఆయనే చాలన్నాడు సేఠ్."

"చాలు కాదయ్యా! చాల్సే అంటే నడుస్తుందిలే, ఎట్లాగో సర్దుకుపోతుందిలే అని. వాడికి తొందర, అంటాడు. వాడు ఫోను చూస్తూ అరవై మీద పోతాడు. సర్దుకుపోతుందో లేదో చెప్పాల్సింది నువ్వు. నా దుకాణంలో ‘చాల్సే’ నహీ చాలే!"

అంటే ‘నడుస్తుందిలే’ అనే మాట ఇక్కడ నడవదని. ఆ మాటల విరుపుకు ఆయనే నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య అదొక సామెత అయిపోయింది.

ఆయన పద్ధతులు కొన్ని చెబుతాను, మీకు పనికొస్తాయి. హోల్డరు బిగించాక హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పాల్సిందే. క్లచ్ వైరు, బ్రేకు వైరు ఎక్కడా హోల్డరుకు తట్టకూడదు, ఫోను పెట్రోలు ట్యాంకుకు తగలకూడదు. ఛార్జింగు వైరు హ్యాండిల్ తిరిగినంత మేరా వదులుగా ఉండాలి. గిరాకీని బండి మీద కూర్చోబెట్టి రోడ్డు చూడమని, తల దించకుండా కనుగుడ్డు మాత్రం తిప్పితే ఫోను కనపడుతుందా అని అడగాలి. దారిని వీడియో తీసే కెమెరా అయితే, పట్టి ఉంచే క్లాంపు కాక వేరే ఒక తాడు కూడా కట్టాలి, ఒకటి వదిలినా ఇంకోటి పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, మొదటి రోజు తిరిగి వచ్చాక మళ్లీ ఒకసారి బిగించాలి. కొత్త బిగింపు ఏదైనా మొదటి రోజు కొంచెం సర్దుకుని వదులవుతుంది. గిరాకీలు దానికి రారు. బతిమాలి, చాయ్ తాగిస్తానని చెప్పి రప్పించుకోవాలి.

వణికిన పెళ్లికూతురు

ఒక తప్పు అజ్ఞానం వల్ల చేశాను, దాన్ని ముందు చెబుతాను. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఒకాయన మంచి ఖరీదైన ఫోను కొన్నాడు. నేను ఇనుప హోల్డరు తెచ్చి, కదిలితే నా పేరు మార్చుకుంటా అన్నంత గట్టిగా బిగించాను. హోల్డరు ఇసుమంత కదల్లేదు. నెలన్నర తర్వాత ఆయన వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. తెరమీద పెళ్లికూతురు మలేరియా జ్వరం వచ్చినదానిలా వణుకుతోంది.

ఆయన ఒక్క కేక వేయలేదు. "అన్నా, నీ బిగింపు బాగుంది, నా కెమెరా పోయింది. ఎందుకో కనుక్కో, ఇంకొకరిది పోకుండా చూడు" అన్నాడు. ఫోన్లు బాగుచేసేవాణ్ణి అడిగితే చెప్పాడు. కొత్త ఫోన్లలో కెమెరా అద్దం సన్నని స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుందట. ఇంజను అదురు సూటిగా తగిలితే అది పాడవుతుందట. నాకు వెంటనే సాంచెలో తోలు ముక్క గుర్తొచ్చి తల కొట్టుకున్నాను. తెలిసిన సంగతే, కావాల్సిన చోట వాడలేదు. అప్పటి నుంచి ఒక్కసారి తప్ప, ఫోనుకూ హ్యాండిల్‌కూ మధ్య రబ్బరు మెత్త లేకుండా బిగించలేదు. పట్టు గట్టిగా ఉండాలి, కింద పరుపు మెత్తగా ఉండాలి. ఆయన ఆ రోజు కేకలేసి పోయుంటే నేను కూడా ఎదురు కేకలేసి మర్చిపోయేవాణ్ణి. ఆ మనిషికి దండం.

నీలం పీలిక

రెండో తప్పు తెలిసి చేసింది.

సత్యం మా కార్ఖానాలోనే సాంచెలు నడిపినవాడు, నాకన్నా పదేళ్లు చిన్న. మోత అతని చెవులను తినేసింది. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండో దాంట్లో సగం మిగిలింది. సాంచెలు మానేశాక బండి మీద శాంపిల్ బట్టలు మోసే పనికి కుదిరాడు. పల్సానా మిల్లులో ఎక్కించుకుని పాండేసర రంగుల మిల్లుల్లో దించడం. ఫోను మోగితే వినపడదు, దారి చెప్పే గొంతు వినపడదు. కాబట్టి తెర కళ్ల ముందు ఉండాలి. మీకూ నాకూ ఫోను హోల్డరు సౌకర్యం. సత్యానికి అది చెవి.

బండికి కెమెరా అతని భార్య లక్ష్మి కొనిపెట్టింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించి కూడబెట్టుకుంది. ఆ మధ్య పాండేసర చౌరస్తా దగ్గర ఎవడో, తప్పు తనదే అయినా, "చెవిటోడా" అని సత్యం చొక్కా పట్టుకున్నాడట. "ఈయనకు వినవడదని ఎవడైనా ఏమైనా అంటడన్నా. బండికి సాక్ష్యం ఉండాలె" అని ఆమె పట్టుబట్టింది.

ఆషాఢంలో మబ్బు పట్టిన ఒక పగలు ఇద్దరూ వచ్చారు. కెమెరాను కుడి అద్దం కడ్డీకి బిగించాను. లోపల సైకిలు ట్యూబు ముక్క వేసి, తాడు కట్టి, పద్ధతిగా చేశాను. ఇక ఫోను హోల్డరు. అతను తెచ్చుకున్న క్లాంపు హ్యాండిల్ కన్నా వెడల్పు. లోపల రబ్బరు చుట్టాలి. చూస్తే ట్యూబు ముక్కలు అయిపోయాయి, ఆఖరిది కెమెరాకే వాడాను. హస్ముఖ్‌భాయ్ ఊళ్లో లేడు. ఆకాశం ఉరుముతోంది, సత్యం పల్సానాలో సరుకు ఎక్కించుకోవాలి.

"రేపు రారాదు సత్యం? రబ్బరు తెప్పిస్త" అన్నాను, కొంచెం గట్టిగా అరిచి.

సత్యం నవ్వి, మూటలోంచి ఒక శాంపిల్ పీలిక చింపి ఇచ్చాడు. నీలం రంగు, మీద తెల్లని పూలు. "గిదేం కొత్తనా అన్నా? సాంచెకు చుట్టలేదా? గిట్ల చుట్టి బిగియ్యి, జర తొందరుంది" అన్నాడు.

చుట్టాను. బిగించాను. ఇంజను ఆడించి అరచేయి ఆనించాను. అదురు గట్టిగానే చెప్పింది. హ్యాండిల్ తిప్పి చూశాను. అంతా బాగుంది. అప్పుడు నా నోటితో నేనే అన్నాను. "చాల్సే."

హస్ముఖ్‌భాయ్ లేడు కాబట్టి అన్నానేమో. ఆ మాట అంటూ నేను నవ్వాను కూడా.

సాంచె మీద చిందీ ఎందుకు ముంచలేదో నాకు ఆ రోజు తట్టలేదు. సాంచె పక్కన జాబరు ఉంటాడు. పూటకోసారి చెయ్యి పెట్టి చూస్తాడు, వదులైతే ఇంకో చుట్టు వేస్తాడు. షెడ్డులో వాన పడదు. బండి అలా కాదు, మన చేతి కింద నుంచి ఒకసారి పోయిందంటే మళ్లీ ఎప్పుడు వస్తుందో. తడిసిన చిందీ సన్నబడుతుంది, జారుతుంది. ఇంత చిన్న సంగతి ఇరవై ఏళ్ల జాబరుకు తెలియదా? తెలుసు. ఆలోచించలేదు.

కార్డులో ఉన్నది

నాలుగో రోజు సత్యం పల్సానా రోడ్డు మీద పడ్డాడు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. వెనక వస్తున్న టెంపో బ్రేకు వేసింది కాబట్టి ప్రాణం మిగిలింది. టెంపో డ్రైవరు భయంలో ఉన్నాడో ఏమో, "నేను హారన్ కొడుతూనే ఉన్నా, వీడికి వినపడలేదు, అడ్డం వచ్చాడు" అన్నాడు. అందరూ నమ్మారు. సత్యం చెవుల సంగతి అందరికీ తెలిసిందే. అతనికి సరుకు ఇచ్చే ఆఫీసు మేనేజరు, "వినపడని మనిషికి బండి పని ఎలా ఇస్తాం? వేరేవాణ్ణి చూసుకున్నాం" అని కబురు పెట్టాడు.

సత్యానికి అసలేం జరిగిందో గుర్తు లేదు. ఫోను ఏదో కదిలినట్టు అనిపించింది, అంతే అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం లక్ష్మి కెమెరా తీసుకుని దుకాణానికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నువ్వే బిగిస్తివి, నువ్వే ఇప్పి చూడన్నా. హారన్ కొట్టిండా లేదా, గదొక్కటి చూడు. కొట్టకుంటే ఈయన పని ఈయనకు దొరుకుతది. గా పని పోతే మళ్ల సాంచెల్లకు పోతా అంటుండు. మిగిలిన జర చెవి గూడ పోతదన్నా!"

ఆమె చీరల రాళ్ల పని ఇచ్చేవాళ్లింటికి వెళ్లి వస్తానంది. హస్ముఖ్‌భాయ్ భోజనానికి పోయాడు. దుకాణంలో నేనొక్కణ్ణే కంప్యూటరు ముందు కూర్చుని, కెమెరాలోని కార్డు తీసి పెట్టాను. నా కుడి చెవి స్పీకరుకు ఆనించాను.

మొదట ఇంజను చప్పుడు. చినుకుల చప్పుడు. దాని మీద సత్యం పాట. చెవిటివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు, ఊరంతా వినపడేలా పాడుతున్నాడు పాపం. నాకు నవ్వొచ్చింది. తర్వాత గుంత, ఒక కుదుపు, ‘టక్’ అని ఒక చప్పుడు. తెర ఎడమ మూల నుంచి హోల్డరు తిరగబడి కిందికి వాలింది, ఫోను ఛార్జింగు వైరు మీద హెడ్‌లైటు ముందు వేలాడింది. "అరె, ఫోను!" అంది సత్యం గొంతు. ఎడమ చెయ్యి ముందుకు సాగింది. రోడ్డు పక్కకు ఒరిగింది. ఆ తర్వాతే టెంపో బ్రేకు కీచుమన్నది. హారన్ లేదు. మూడుసార్లు విన్నాను. లేదు.

వేలాడుతున్న హోల్డరు నుంచి ఒక నీలం పీలిక, తెల్లని పూలది, గాలికి ఊగుతోంది.

నా తప్పుకు సాక్షిని నేనే గట్టిగా బిగించి, తాడు కూడా కట్టి పంపించాను. అది ఇసుమంత కదలకుండా అంతా చూసింది.

నిజం దాచకుండా చెబుతాను, ఇది రాయడమే అందుకు. ఒక ఆలోచన వచ్చింది. వాళ్లు హారన్ కోసమే కదా చూస్తారు. ‘హారన్ లేదు’ అని వినిపిస్తే సత్యం పని సత్యానికి వస్తుంది. మూలన ఊగే పీలిక ఎవడికి కనపడుతుంది? కనపడినా అది ఎవరి పీలికో ఎవడికి తెలుసు? సత్యం చెప్పడు, ఇచ్చింది అతనే కదా. అలా అనుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. హస్ముఖ్‌భాయ్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. వీడియో మళ్లీ నడుస్తోంది. ఆయన పీలికను చూశాడు, నన్ను చూశాడు.

"రబ్బరు లేదా?"

"అయిపోయింది సేఠ్."

"ఏమని పంపావు?"

నేను వీడియో ఆపేశాను. ఆయనకు అర్థమైంది. ఆ మాట ఆయన తన నోటితో అనలేదు, నన్నూ అననివ్వలేదు. "నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా" అన్నాడు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ ఆ ఒక్క మాటకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆఫీసులో

మేనేజరు, కట్టు కట్టుకున్న సత్యం, లక్ష్మి, హస్ముఖ్‌భాయ్, నేను. వీడియో పెట్టారు. హారన్ లేదని అందరూ విన్నారు. మేనేజరు తల ఊపి, "సరే, మరి చెయ్యి ఎందుకు వదిలాడు?" అన్నాడు. నేను లేచి వేలు పెట్టి చూపించాను.

"సాబ్, ఆ గుడ్డ పీలిక చుట్టింది నేను. రబ్బరు వెయ్యాల్సిన చోట చిందీ వేశాను. నా బిగింపు ఊడింది. ఇతని చెవుల తప్పు లేదు, చేతుల తప్పు లేదు."

సత్యానికి సగమే వినపడి ఉంటుంది. నా వేలు ఎక్కడుందో చూసి తెలుసుకున్నాడు. "పీలిక నేనే ఇస్తిని సాబ్" అన్నాడు గట్టిగా.

"నువ్వు ఎన్నయినా అడుగుతవ్. నేను వద్దనాలె" అన్నాను.

మేనేజరు మంచివాడే. చెయ్యి నయమయ్యాక పనిలోకి రమ్మన్నాడు. నేను గండం గడిచిందనుకుంటూ బయటికి వస్తుంటే మెట్ల దగ్గర లక్ష్మి అడ్డం నిలబడింది.

"ఒక రబ్బరు ముక్క లేకపాయెనా నీ దుకాణంల? రేపు రాపో, ఇయ్యాల బిగియ్య అని గట్టిగా చెప్తే మేం రాకపోదుమా? గా టెంపో ఆగకుంటే నేను ఎవరిని అడగాలె?"

అన్నీ న్యాయమైన మాటలే. ఆమె ఆ రోజు నన్ను ‘అన్నా’ అనలేదు. ఆ తర్వాత కూరగాయల బజారులో ఎదురైనా తల తిప్పుకుని పోయేది. తిట్టినవాళ్లను మర్చిపోవచ్చు. పలకరింపు మానేసినవాళ్లను మర్చిపోవడం నా వల్ల కాలేదు.

పేరు పోతుందనుకున్నాను, పోయింది కూడా. కొన్నాళ్లు మన తెలుగువాళ్లు నన్ను ‘చిందీ మల్లయ్య’ అన్నారు. పడ్డాను. కానీ విచిత్రం, గిరాకీ తగ్గలేదు. "చిందీ మల్లయ్య దగ్గరికే పో, ఇప్పుడు వాడు చచ్చినా చిందీ పెట్టడు" అని వాళ్లే పంపించారు. మా జనం నోరు అంత దుర్మార్గం, అంత దయ.

అప్పటి నుంచి రబ్బరు లేకపోతే దుకాణం తెరిచి ఉన్నా పని లేదనే చెప్పాను. గిరాకీ అరిచినా సరే, పక్క దుకాణానికి పోయినా సరే. ఊడిన హోల్డరు నుంచి తీసిన ఆ నీలం పీలిక నా పానాల డబ్బాలో అడుగున ఉండేది. ఇప్పటికీ ఉంది. ఈ మధ్య షుగరు వల్ల అరచేతికి తిమ్మిరి పట్టింది. అదురు తెలియడం లేదు. తెలియని చేతితో బిగించడం మంచిది కాదని పని మానేశాను. అంతే నా రిటైర్మెంటు.

మళ్లీ వచ్చిన బండి

సత్యం పడ్డ ఆ ఏడే, దీపావళికి ముందు ఒక ఉదయం సత్యం బండి దుకాణం ముందు ఆగింది. కట్టు విప్పేశారు, మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. వెనక సీటు మీద లక్ష్మి. సత్యం జేబులోంచి కొత్త హోల్డరు తీసి బల్ల మీద పెట్టాడు.

"బిగియ్యన్నా" అన్నాడు, పక్క వీధికి కూడా వినపడేలా.

"ఇంకెవరి దగ్గరైనా చేయించుకోరాదు సత్యం" అన్నాను. హోల్డరును మళ్లీ అతని వైపే నెట్టాను.

"ఇంకొకడు గింత భయపడి బిగిస్తడా?" అని పకపకా నవ్వాడు. లక్ష్మి నవ్వలేదు. దిగి గోడ వారన నిలబడింది.

క్లాంపు సరైన కొలతదే. అయినా లోపల ట్యూబు రబ్బరు వేశాను. కింద మెత్త వేశాను. అదురుకు వదులవని నైలాన్ నట్టు పెట్టి బిగించాను. వేరే తాడు కట్టాను. హ్యాండిల్ అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఇంజను ఆడించి అరచేయి పెట్టాను. భేస్తాన్ దాకా పోయి రమ్మన్నాను. పోయి వచ్చాడు. మళ్లీ బిగించాను. ఇంకోసారి పోయి రమ్మన్నాను. వచ్చాడు. మళ్లీ పానా తీశాను. హస్ముఖ్‌భాయ్ గల్లా దగ్గర నుంచి చూస్తున్నాడు.

అప్పుడు లక్ష్మి గోడ దగ్గర నుంచి కదిలింది. సత్యాన్ని పక్కకు జరగమని, రెండు చేతులతో హోల్డరు పట్టుకుని, నీళ్ల బిందె ఎత్తినంత బలంగా గుంజింది. బండే కదిలింది. ఇంజను ఆడుతోంది. ఆమె కూడా సాంచెల మధ్య పుట్టిన పిల్లే, ఎవరూ చెప్పకుండానే అరచేయి ఆనించి కళ్లు మూసుకుని నిలబడింది. నేను పానా పట్టుకుని ఆమె ముఖం చూస్తున్నాను. అరగంట పట్టినట్టు అనిపించింది.

ఆమె చెయ్యి తీసింది.

"సాలు అన్నా," అంది. "ఇగ సాలు."

నేను పానా కింద పెట్టాను.